హరిత ఉత్పత్తి విధానాలు – తయారీ సంస్థల రాబడి

కాలుష్యాన్ని తగ్గించే పద్ధతులు తయారీ సంస్థకు బరువా, లాభమా అన్న చర్చ ఎప్పుడు మొదలైందో చెప్పడంలో ఏకాభిప్రాయం లేదు. మైకేల్ పోర్టర్ 1991లో రాసిన వ్యాసాన్నే చాలామంది తొలి మెట్టుగా చూపుతారు. అయితే అమెరికా సంస్థ త్రీఎం 1975లోనే కాలుష్య నివారణను పొదుపు మార్గంగా చేపట్టింది కాబట్టి, సిద్ధాంతం కన్నా ఆచరణే ముందనడం సబబు. సరిగా రూపొందించిన కఠిన నిబంధనలు కొత్త పద్ధతులకు దారితీసి, వాటికైన ఖర్చును కొంతవరకో పూర్తిగానో తిరిగి రాబడతాయని 1995లో పోర్టర్, వాన్ డెర్ లిండ్ వాదించారు. లాభమే ఉంటే ప్రభుత్వం చెప్పేదాకా సంస్థలు ఎందుకు ఆగుతాయని అదే ఏడాది పామర్, ఓట్స్, పోర్ట్‌నీ ప్రశ్నించారు.

ఈ ప్రశ్నకు జవాబు లెక్కలు చూసుకునే తీరులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కొలవని వృథా యాజమాన్యం కంట పడదు. భారత్‌లో ఇంధన పొదుపు కోసం తెచ్చిన 'పాట్' పథకం తొలి విడతలో (2012–15) సిమెంటు, ఉక్కు, ఎరువులు సహా 8 రంగాలకు చెందిన 478 కర్మాగారాలకు లక్ష్యాలు పెట్టారు. సుమారు 66.9 లక్షల టన్నుల చమురుకు సమానమైన పొదుపును ఆశిస్తే, 86.7 లక్షల టన్నులు నమోదైంది. ఇదంతా పథకం చలవేనని మాత్రం చెప్పలేం. డబ్బున్న సంస్థలే హరిత మార్గం పడతాయేమో అన్న అభ్యంతరమూ కొట్టిపారేయదగ్గది కాదు.

అసలు చిక్కు తిరుప్పూరు అద్దకం యూనిట్లలో తేటతెల్లమవుతుంది. నొయ్యల్ నది కాలుష్యంపై రైతులు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు 2011 జనవరిలో ఆ యూనిట్లను మూయించింది. చుక్క మురుగునీరు కూడా బయటికి వదలని విధానాన్ని అమలు చేస్తేనే వాటిని తిరిగి తెరవనిచ్చారు. నూలు బట్టకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలి. రివర్స్ ఆస్మాసిస్ పొరలు నీటిలో ఎక్కువ భాగాన్ని శుద్ధిచేసి తిరిగి అద్దకానికే పంపుతాయి గానీ, ఉప్పును మాయం చేయలేవు. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరితో ఇగర్చాలి, దానికి ఇంధనం బాగా ఖర్చవుతుంది. వేరుచేసిన ఉప్పులో మళ్లీ వాడదగ్గది అద్దకానికి పోతే, పనికిరాని మిశ్రమ లవణం ఆవరణలోనే పేరుకుంటుంది. అంటే నీరు, ఉప్పు తిరిగొచ్చిన మేరకు ఆదా, ఇగర్చడం దగ్గర మాత్రం నికరమైన ఖర్చే. అయినా దీన్ని సంస్థ పనితీరుకు తగిలిన దెబ్బగా లెక్కించడం సరికాదు. అంతకుముందు ఆ ఖర్చును దిగువన ఆయకట్టు రైతులు భరించారు, కంపెనీల పద్దుల్లో అది లాభంగా కనిపించింది.