సర్వర్ కొనేది ఒకరు, కరెంటు బిల్లు కట్టేది ఇంకొకరు

రెండేళ్ళ క్రితం మా టీముకి పన్నెండు కొత్త సర్వర్లు కావాల్సొచ్చాయి. కొటేషన్లు తెప్పించి పోల్చే పని నా నెత్తిన పడింది. నేనేం తక్కువ తిన్నానా, ఎక్సెల్ షీటు ఒకటి తయారు చేశా. ధర, కోర్లు, ర్యామ్, డిస్కు, వారంటీ... అన్నిటికీ మార్కులేసి, రంగులు కూడా పూసి మేనేజరుకి పంపించా. అందరూ భేష్ అన్నారు. పెట్టెలు దిగాయి.

అప్పుడొచ్చాడు ఎలక్ట్రికల్ పని చూసే పెద్దాయన. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషి. పెట్టెల వెనక స్టిక్కర్లు చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "సార్, ఒక్కోటి ఎన్ని వాట్లు తింటుందో చూశారా?"

నా షీటులో ఆ కాలమే లేదు.

పూర్తి లోడు మీద ఒక్కోటి 750 వాట్లు. పన్నెండు కలిపితే 9 కిలోవాట్లు. మా ర్యాకుకి ఇచ్చింది 6 కిలోవాట్లు. అంటే ఎనిమిదే పడతాయి. మిగతా నాలుగు మూడు నెలలపాటు అట్టపెట్టెల్లోనే కూర్చున్నాయి. వాటి పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుండేది. ఇంజనీరింగులో నాలుగేళ్ళు చదివి, వాట్ అంటే ఏంటో తెలిసి కూడా, కొనేటప్పుడు అది గుర్తుకే రాలేదు!

ఆ సిగ్గుతోనే ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టా. తీరా చూస్తే నేను చేసిన పొరపాటు 2000 ప్రాంతంలో కంప్యూటర్ పరిశ్రమ మొత్తం చేసిందేనని తెలిసింది. అదో పెద్ద కథ. ఓపిగ్గా చదవండి.

ముందు చిప్పు వేడెక్కడం గురించి. ట్రాన్సిస్టర్ల సంఖ్య ఇన్నేళ్ళకోసారి రెట్టింపవుతుందన్న మూర్ సంగతి మనందరికీ తెలుసు. పాపం, డెన్నార్డ్ ని ఎవరూ తల్చుకోరు. ఐబీఎం లో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో ఒక పేపరు రాశారు. దాని సారాంశం ఏంటంటే, ట్రాన్సిస్టర్ ని చిన్నది చేస్తూ దానికిచ్చే వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గించుకుంటూ పోతే, ఒక చదరపు మిల్లీమీటరు సిలికాన్ తినే కరెంటు పెరగదు. అంటే వేగం పెరుగుతుంది, వేడి మాత్రం అంతే ఉంటుంది. మూడు దశాబ్దాలపాటు మన పరిశ్రమ అనుభవించిన ఉచిత భోజనం ఇదే.

కానీ వోల్టేజీని ఒక హద్దు దాటి తగ్గించలేం. ట్రాన్సిస్టర్ మరీ చిన్నదైతే, ఆపేసినా సరే దాంట్లోంచి కరెంటు కారిపోతూ ఉంటుంది, సరిగ్గా కట్టని కుళాయి లాగా. 2001లో ఇంటెల్ కి చెందిన పాట్ గెల్సింగర్ ఒక సదస్సులో హెచ్చరించాడు కూడా. ఇదే దారిలో పోతే చిప్పు మీద ప్రతి చదరపు సెంటీమీటరులో పుట్టే వేడి కొన్నాళ్ళకి అణు రియాక్టరుతోనూ, ఆ తర్వాత రాకెట్ నాజిల్ తోనూ, చివరికి సూర్యుడి ఉపరితలంతోనూ పోటీ పడుతుందని. చెప్పింది ఇంటెల్ మనిషే, అయినా ఇంటెల్ గిగాహెర్ట్జ్ పరుగు ఆపలేదు. ఎందుకంటే జనం కొనేది ఆ అంకె చూసే. 2000 నవంబరులో 1.5 గిగాహెర్ట్జ్ తో వచ్చిన పెంటియమ్ 4, 2004 ఫిబ్రవరిలో ప్రెస్కాట్ రూపంలో వచ్చేసరికి వంద వాట్లు దాటేసింది. దాని తర్వాత రావాల్సిన తేజాస్ అనే చిప్పుని 2004 మేలో రద్దు చేసేశారు. ఆ ఏడాది అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 ని కూడా అటకెక్కించారు. అప్పటి ఇంటెల్ సీఈఓ క్రెయిగ్ బ్యారెట్ ఒక సమావేశంలో వేదిక మీద సరదాగా మోకాళ్ళ మీద కూర్చుని మరీ క్షమాపణ అడిగాడు. సరదాకే అయినా, చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అవి.

ఇదంతా చిప్పులు చేసేవాళ్ళ వైపు కథ. మరి కొనేవాళ్ళు ఏం చేస్తున్నట్టు?

మొదట్లో ఏమీ చేయలేదు. దీనికి భలే ఉదాహరణ గూగుల్. 1990ల చివర్లో గూగుల్ తన మెషీన్లని పెట్టుకున్న ఎక్సోడస్ వాళ్ళ డేటా సెంటర్ లో అద్దె చదరపు అడుగుల లెక్కన ఉండేది. కరెంటుకి, చల్లదనానికి విడిగా లెక్క లేదు. ఇంకేముంది, గూగుల్ వాళ్ళు ఆ కాస్త చోటులోనే ఎన్ని మెషీన్లు కుక్కొచ్చో అన్నీ కుక్కేశారు. తప్పు వాళ్ళది కాదు. బిల్లు దేనికి వేస్తే మనిషి దాన్నే పొదుపు చేస్తాడు. చోటుకి బిల్లు వేశారు కాబట్టి చోటు ఆదా చేశారు.

వాట్లు చూసి కొన్నవాళ్ళు అసలు లేరా అంటే, ఉన్నారు. 2000-01లో కాలిఫోర్నియాలో కరెంటు సంక్షోభం వచ్చింది. 2001 జనవరిలో వంతులవారీ కోతలు మొదలయ్యాయి. మనకి కోతలు కొత్తా? కానీ ఆ రాష్ట్రంలోనే ఉంది సిలికాన్ వ్యాలీ. ఆ సమయంలోనే అక్కడి ట్రాన్స్‌మెటా అనే కంపెనీ చేసిన క్రూసో అనే పొదుపు చిప్పుని వాడి, ఆర్ఎల్ఎక్స్ అనే కంపెనీ 2001లో సన్నటి బ్లేడ్ సర్వర్లు అమ్మింది. 2002లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఊ-చున్ ఫెంగ్ అనే శాస్త్రవేత్త బృందం ఆ బ్లేడ్లు 240 పేర్చి 'గ్రీన్ డెస్టినీ' అనే క్లస్టర్ కట్టింది. ప్రత్యేకమైన ఏసీ గది లేకుండా, దుమ్ము ధూళి ఉన్న గోడౌనులో అది నడిచింది. వేడికి మెషీన్లు చచ్చిపోతుంటే బాగుచేయించే ఖర్చు కూడా ఖర్చేనన్నది ఫెంగ్ వాదన. ఆయనే తర్వాత 2007లో గ్రీన్500 జాబితా మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు.

అయితే వ్యాపారంగా అది నిలబడలేదు. క్రూసో మరీ నెమ్మది. ఆర్ఎల్ఎక్స్ ని 2005లో హెచ్‌పీ కొనేసింది. ట్రాన్స్‌మెటా చిప్పుల వ్యాపారం లోంచే తప్పుకుంది. పొదుపు ఒక్కటే చూపించి సర్వర్ అమ్మలేం అన్నది అప్పటి పాఠం. వేగమూ కావాలి, పొదుపూ కావాలి.

ఆ రెండూ కలిసొచ్చింది ఏఎండీ కి. 2003 ఏప్రిల్ లో ఆప్టెరాన్ వచ్చింది. నిజానికి అది కరెంటు పేరు చెప్పుకుని రాలేదు. పాత 32 బిట్ ప్రోగ్రాములు ఆపకుండానే 64 బిట్ కి వెళ్ళొచ్చని చెప్పుకుని వచ్చింది. 2005 ఏప్రిల్ లో డ్యుయల్ కోర్ ఆప్టెరాన్ 95 వాట్లతో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ తెచ్చిన డ్యుయల్ కోర్ జియాన్ కి 135 వాట్లు.

నలభై వాట్ల తేడా ఏపాటి అనిపిస్తుంది. లెక్కేద్దాం. సర్వర్ కి రెండు చిప్పులు, అంటే 80 వాట్లు. ఏడాదికి 8760 గంటలు, అంటే సుమారు 700 యూనిట్లు. ఆ వేడిని బయటికి తోలడానికి ఏసీ, యూపీఎస్ నష్టాలు అన్నీ కలిపి ఇంకో అంత వేసుకుంటే 1400 యూనిట్లు. యూనిట్ పది సెంట్లు అనుకుంటే ఏడాదికి 140 డాలర్లు. వెయ్యి సర్వర్లున్న కంపెనీకి లక్షా నలభై వేల డాలర్లు, ప్రతి ఏడాదీ! ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ అంకెలు చిప్పు వేడి డిజైను అంకెలు, నిజంగా మీటర్లో తిరిగేవి కావు. పైగా రెండు కంపెనీలూ వాటిని ఒకేలా లెక్కగట్టవు. అయినా దిశ మాత్రం స్పష్టం.

ఏఎండీ దాన్ని బాగా వాడుకుంది. 2006లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ లో ఏకంగా ఒక హోర్డింగ్ పెట్టించింది. పోటీ చిప్పుల వల్ల కంపెనీలు అదనంగా కడుతున్న కరెంటు ఖర్చు అంటూ దాని మీద అంకెలు గిర్రున తిరుగుతూ ఉండేవి, మన ఆటో మీటర్ లాగా. ఆ ఏడాదికల్లా ఎక్స్86 సర్వర్ చిప్పుల్లో దాదాపు నాలుగో వంతు ఏఎండీ వే. ఎన్నో ఏళ్ళుగా ఇంటెల్ తప్ప వేరేది ముట్టని డెల్ కూడా 2006లో ఆప్టెరాన్ సర్వర్లు అమ్మడం మొదలుపెట్టింది.

అలాగని అంతా కరెంటు మహిమే అంటే అబద్ధమవుతుంది. అన్నేళ్ళు డెల్ ఎందుకు ఆగిందన్నదానికి ఇంకో కోణముంది. ఇంటెల్ నుంచి వచ్చిన ప్రోత్సాహకాల సొమ్ము సంగతి మదుపరులకి సరిగ్గా చెప్పలేదన్న అమెరికా ఎస్ఈసీ ఆరోపణల మీద, 2010లో డెల్ తప్పు ఒప్పుకోకుండానే 100 మిలియన్ డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. కొనుగోలు నిర్ణయాల్లో వాట్ ఒక్కటే ఎప్పుడూ ఉండదు.

ఇంటెల్ కూడా పాఠం నేర్చుకుంది. ఇజ్రాయెల్ లోని హైఫా బృందం ల్యాప్‌టాపుల బ్యాటరీ కోసం చేసిన పెంటియమ్ ఎం, 2003లోనే వచ్చింది. తక్కువ గిగాహెర్ట్జ్ తో ఎక్కువ పని చేసేది. గిగాహెర్ట్జ్ గొప్పలు చెప్పిన కంపెనీయే 2005 ఆగస్టులో 'వాట్ కి ఎంత పని' అన్న కొత్త మంత్రం ఎత్తుకుంది. పెంటియమ్ ఎం దారిలో పుట్టిన కోర్ డిజైనుతో 2006 జూన్ లో కొత్త జియాన్, జులైలో కోర్ 2 వచ్చాయి. బ్యాటరీ కోసం పడ్డ తిప్పలే సర్వర్ ని కాపాడాయన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. వెయ్యి సర్వర్లకి లక్షా నలభై వేల డాలర్ల తేడా ఉంటే, మరి అందరూ వెంటనే ఎందుకు మారలేదు?

ఎందుకంటే సర్వర్ కొనేది ఐటీ బడ్జెట్. కరెంటు బిల్లు కట్టేది బిల్డింగ్ చూసుకునేవాళ్ళ బడ్జెట్. ఒకరి బిల్లు ఇంకొకరు చూడరు. ఐటీ మేనేజరు 200 డాలర్లు ఎక్కువ పెట్టి పొదుపు సర్వర్ కొంటే, ఖర్చు ఆయన ఖాతాలో, ఆదా పక్కవాడి ఖాతాలో. ఎవరు కొంటారు చెప్పండి? చాలా కంపెనీల్లో ఈ ఇద్దరూ కలిసి కూర్చున్నది బిల్లు చూసి కాదు. ర్యాకుకి ఇంక కరెంటు లేదు, ఏసీ చాలట్లేదు, కొత్త సర్వర్ పెట్టడానికి వీల్లేదు అన్న రోజున కూర్చున్నారు. సరిగ్గా నా నాలుగు అట్టపెట్టెల లాగా. ధర కదిలించలేని మనిషిని హద్దు కదిలించింది.

రెండు జేబులూ ఒకటే అయిన చోట మాత్రం ఈ లెక్క ముందే అర్థమైంది. గూగుల్ సొంతంగా డేటా సెంటర్లు కట్టుకోవడం మొదలుపెట్టాక దాని బుర్ర మారిపోయింది. ఆ కంపెనీ ఇంజనీరు లూయిజ్ బరోసో 2005లో ఒక వ్యాసం రాశాడు. వాట్ కి చేసే పని పెరగకపోతే, కరెంటు ఖర్చు సర్వర్ ధరనే మించిపోయే రోజు వస్తుందని. 2006లో గూగుల్ డేటా సెంటర్ వెలిసింది ఎక్కడో తెలుసా? ఆరిగన్ లోని ద డాల్స్ అనే చిన్న ఊళ్ళో, కొలంబియా నది ఒడ్డున, జలవిద్యుత్తు దొరికే చోట. పూర్వం పిండిమరని కాలవ పక్కన పెట్టేవాళ్ళు. ఇదీ అంతే.

2007లో బరోసో, ఉర్స్ హోల్జ్లే కలిసి ఇంకో నిజం బయటపెట్టారు. సర్వర్లు ఎక్కువ సమయం తమ సామర్థ్యంలో 10 నుంచి 50 శాతం మధ్యే పనిచేస్తాయి. కానీ ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు కూడా పూర్తి లోడులో తినే కరెంటులో సగం దాకా తింటాయి. అంటే ఏనుగు బరువు మోసినా మోయకపోయినా మేత తప్పదు. దీనికి విరుగుడు కొత్త చిప్పు ఒక్కటే కాదు, ఏనుగుల సంఖ్య తగ్గించడం. ఖాళీగా ఉన్న పది సర్వర్ల పని ఒకదాని మీదకి ఎక్కించే వర్చువలైజేషన్ అందుకే అంత ఊపందుకుంది. కాలిఫోర్నియా కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ 2006లో ఇలా సర్వర్లు తగ్గించుకున్న కంపెనీలకి ఎదురు డబ్బులిచ్చింది కూడా!

ఫలితం? అమెరికా పర్యావరణ సంస్థ 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2006లో అక్కడి డేటా సెంటర్లు 61 బిలియన్ యూనిట్లు వాడాయి. 2011కల్లా 100 బిలియన్లు దాటొచ్చని భయపెట్టింది. దాటలేదు. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల లెక్క ప్రకారం 2014లో కూడా 70 బిలియన్ల దగ్గరే ఉంది. ఈ మధ్యలో యూట్యూబు, ఫేస్‌బుక్, స్మార్ట్ ఫోను అన్నీ విస్తరించాయి. ఇంజనీర్లు నిజంగా గెలిచిన దశాబ్దం అది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ.

ఆ తర్వాతే కథ అడ్డం తిరిగింది. అదే ప్రయోగశాల 2023కి చెప్పిన అంకె 176 బిలియన్ యూనిట్లు, అమెరికా వాడే కరెంటులో 4.4 శాతం. 135 వాట్ల జియాన్ ని చూసి నవ్విన పరిశ్రమే 2022లో వచ్చిన 700 వాట్ల హెచ్100 కోసం క్యూ కట్టింది. 2024లో వచ్చిన బీ200 అయితే వెయ్యి వాట్లు. వాట్ కి చేసే పని ఎన్నో రెట్లు పెరిగింది, నిజమే. కానీ అడిగే పని అంతకంటే వేగంగా పెరిగింది.

ఇంతకీ ఇదంతా మనకెందుకు అంటారా? 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ ప్రకటించింది. దాన్ని చదరపు అడుగుల్లో చెప్పలేదు, సర్వర్ల లెక్కలో చెప్పలేదు. గిగావాట్ లో చెప్పారు. కొలమానం మారిపోయిందని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! ఉద్యోగాలొస్తాయని నాకూ సంతోషమే. కానీ పాత ప్రశ్న మళ్ళీ అడగాలి. ఒకప్పుడు ఐటీ వాడు కొంటే బిల్డింగ్ వాడు బిల్లు కట్టాడు. రేపు కంపెనీ కొంటే ఆ కరెంటు లైన్ల ఖర్చు, ఆ నీళ్ళ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది? రెండు జేబులు వేరువేరుగా ఉన్నంతకాలం పొదుపు ఎవరికీ పట్టదని ఈ పాతికేళ్ళ చరిత్ర చెప్తోంది.

మనలో చాలామంది చిప్పులు చేయం, కొనం. కోడ్ రాస్తాం. రాత్రంతా ఊరికే తిరిగే ఒక లూపు, ఎవరూ చూడని రిపోర్టు కోసం గంటగంటకీ లేచే ఒక జాబు... వాటి బిల్లు కూడా మన జేబులోంచి పోదు కాబట్టే మనం పట్టించుకోం. ఆ ఎక్సెల్ షీటు ఇప్పటికీ నా దగ్గరుంది. ఇప్పుడు దాంట్లో మొదటి కాలమ్ వాట్లే. పెద్దాయనకి పంపిస్తే చూసి నవ్వి, "ఇంకో కాలమ్ వేయండి సార్" అన్నాడు. ఏంటని అడిగా.

"ఇది నిజంగా అవసరమా, కాదా అని."