ఒకనాటి తాళవనయాత్ర

దేశచరిత్రమనగా రాజులు, రాజధానులు, యుద్ధములు మాత్రమేయని తలంచువారు మనలో నింకను పెక్కండ్రు గలరు. కోటను చూచుటకు బండి కట్టుదురు. గుడిని చూచుటకు బండి కట్టుదురు. తమ తాతతండ్రులు కూడు సంపాదించిన చోటును చూచుటకు మాత్రము బండి కట్టువారు లేరు. ఇతరదేశముల నట్లు గాదు. జర్మనీదేశమున బవేరియాసీమలో వైహెన్‌స్టెఫాన్ అనుచోట నొక యవమద్యశాల గలదు. 1040వ సంవత్సరము తన జన్మవత్సరమని యది చెప్పుకొనును. జనులు దినయాత్రగా పోయి దానిని చూచి వచ్చుచుందురు. మన కులవృత్తికి నట్టి ప్రాచీనశాల యెచ్చట నున్నదను కుతూహలముతో నొకనాటి వేకువను మేము నల్లగొండ విడిచి, రాత్రికి మరల నిల్లు చేరితిమి. ఆనాడు చూచినదియు, తలచినదియు సోదరుల యెదుట నుంచుచున్నాము.

మొదట నీ రెండువిధముల శాలలకు గల భేదమును గుర్తింపవలెను. యవలను నానబెట్టి, మొలకెత్తించి, యెండబెట్టి, వేడినీట నుంచినగాని యందలి పిండి చక్కెరగా మారదు. చక్కెర లేనిదే మద్యము పుట్టదు. అందులకు గోడలు, కొప్పెరలు, పొయ్యిలు కావలెను. తాళవృక్షమున కీ సామగ్రి యక్కరలేదు. అది చక్కెరను తానే వండి గెలనుండి బొట్టుబొట్టుగా విడుచును. ఆ రసమున నూటికి పది పండ్రెండు పాళ్లు చక్కెర యుండును. లొట్టిలో పడినది మొదలు సూక్ష్మజీవులు తమ పని సాగించును. తెల్లవారుజామున తియ్యనిదై యుండినది ప్రొద్దెక్కుకొలది ఘాటెక్కి, మరునాటికి పులిసిపోవును. కావున మన శాలకు గోడలు లేవు. వనమే శాల. గోడలు లేనందుననే దాని చరిత్రము నెవ్వరును వ్రాయలేదు.

అమరసింహుడు తాటిచెట్టును తృణరాజమని పేర్కొనెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను నధికారికి ప్రత్యేకముగా నొక ప్రకరణము గలదు. బలరాముడు తాళధ్వజుడు. మన వృత్తి నిన్న మొన్న పుట్టినది గాదనుట కివి చాలును. పురాణప్రశంసతో తృప్తిపడి యూరకుండుట మా యుద్దేశము గాదు గనుక యాత్రకు వత్తము.

సూర్యోదయమునకు భువనగిరి చేరితిమి. ఒకే బండయై నిలిచిన యా కొండపై కోటను పశ్చిమ చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుడు కట్టించెనందురు. త్రిభువనమల్లుడను నాతని బిరుదమునుండియే యూరికి పేరు వచ్చినది. 1708వ సంవత్సరమున మన సర్వాయి పాపన్న వరంగల్లును కొల్లగొట్టి, జూన్ మాసమున నీ భువనగిరిపై బడెను. అచ్చటినుండి ఆలేరు మీదుగా కొలనుపాక పోయితిమి. జైనుల తీర్థముగా, సోమేశ్వరుని క్షేత్రముగా నెల్లరు నెరిగిన యీ యూరికి మన చరిత్రమునందును చోటు గలదు. కొలనుపాక ఫౌజుదారగు ఖాసింఖాను పాపన్నతో పోరాడి యిచ్చటికి సమీపముననే కూలెను.

కొలనుపాక దాటిన పిమ్మట బాటప్రక్క నొక తాటివనము కనబడగా దిగితిమి. ఏబదియేండ్లు దాటిన గౌడు డొకడు నడుమునకు ముస్తాదు కట్టి, మోకును చెట్టుచుట్టు త్రిప్పి వీపునకు తగిలించుకొని, పాదములకు గుజి వేసికొని యెక్కుచుండెను. మేము క్రింద నిలిచి లెక్కింపగా నాతడు కొన యెక్కుటకు రెండు నిమిషములు పట్టలేదు. పైన గెల చివరను పలుచగా చెక్కి, లొట్టి మార్చి, బింకిలో కల్లు వంచుకొని దిగెను. ఉదయమొకసారి, సాయంకాల మొకసారి యిట్లు పదునైదు చెట్లెక్కవలెనట. గెలను మిక్కిలి లోతుగా చెక్కిన చెట్టు చెడును. చెక్కకున్న ధార ఆగును. పోతుతాటి గెలకొక తీరు, పండుతాటి గెలకొక తీరు. ఈ జ్ఞానము నే పుస్తకమునందును మేము చదువలేదు.

"భయము గలుగదా, తమ్ముడా?" యని యడిగితిమి. "చెట్టు మోసం చెయ్యది సారూ. మోకు పాతదైతెనే భయం," అని యాతడు తాటాకు రేకలో మాకు కల్లు పోసెను. కుమారులీ పని నేర్చిరా యనగా, ఇద్దరును పట్టణమున నున్నారని చెప్పి, చెట్లవైపు చూచి యూరకుండెను.

ఆ చెట్ల బోదెలపై సర్కారు వారి అంకెలు గలవు. వానిని చూచినప్పుడు మాకొక సంగతి స్ఫురించినది. నిజాము ప్రభుత్వమునకు ఆబ్కారి గొప్ప ఆదాయము. ముస్తాజరులు హర్రాజున గుత్త పాడుకొనెడివారు; చెట్టు చెట్టునకు పన్ను; గీయువానికి కూలి మాత్రమే మిగులును. ఆ ఆదాయమును దెబ్బతీయుటకు 1947లో, హైదరాబాదును భారతదేశమున చేర్పవలెనను నుద్యమమందు, కాంగ్రెసువారు తాటి యీతచెట్లను నరికించిరి. ఉద్యమము న్యాయమైనదే. కాని నరకబడిన చెట్టుతో నెవని కూడు పోయెనో విచారించిన వారరుదు. పన్ను వేసినవారును, పన్ను మాన్పింపదలచినవారును చెట్టునే లెక్కించిరి; చెట్టుమీది మనుష్యుని లెక్కింపలేదు.

లెక్కించినవారిలో ముఖ్యుడు మన జిల్లావాడే. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షము గీతపనివారిని సంఘముగా గూర్చి, వనములు గుత్తదారులకు గాక గీయువారి సహకారసంఘములకే చెందవలెనని జీవితాంతము పోరాడెను. 1952లో సూర్యాపేటనుండి శాసనసభకును, 1991, 1996లలో నల్లగొండనుండి లోక్‌సభకును ఎన్నికయ్యెను. 2011లో కాలధర్మము నొందెను. నేడు సంఘముల పేర వనములుండుట యట్టివారి కృషిఫలమే.

మధ్యాహ్నమునకు జనగామ దాటి, రఘునాథపల్లె మండలమందలి ఖిలాషాపురము చేరితిమి. ఈ జనగామ తాలూకా పూర్వము నల్లగొండ జిల్లాలోనిదే. పాపన్న కట్టించిన కోట బురుజు లిచ్చట శిథిలములై నిలిచియున్నవి. పారసీక చరిత్రకారుడగు ఖాఫీఖాను పాపన్నను దోపిడికాడని వ్రాసెను. మన పల్లెలవారు వీరుడని పాడుకొనిరి. ఆ పాటను బాయిల్ అను నాంగ్లేయుడు 1874లో నొక పత్రికలో ప్రకటించెను. ఆతడు ధనికులను కొల్లగొట్టినదియు, స్త్రీలను చెరబట్టినదియు దాచిపెట్టుట చరిత్రకారునికి తగదు. కల్లుగీత కులమున బుట్టి, కోటలు గట్టి, 1709లో మొగలాయి చక్రవర్తియగు బహాదుర్‌షా దర్బారున ఖిలాతు నందుకొన్నవాడనుటయు సత్యమే.

అతని యంతమును మన సభలలో చెప్పువారు తక్కువ. తాటికొండ ముట్టడినుండి తప్పించుకొని, గాయపడి, హసనాబాదు చేరి యొక కల్లుగీయువానిని కల్లడిగెను. ఆ గీయువాడు గుర్తుపట్టి శత్రువులకు తెలిపెను. 1710లో పాపన్న చంపబడెను. బురుజునీడను గూర్చుండి యీ కథనే తలపోసితిమి. కోటగోడలు ఫిరంగులకును నిలిచినవి. అతడు చిక్కినది తనవాని యొద్దనే.

నేడును మన వృత్తికి హాని బయటినుండి వచ్చుట గలదు. లోపలినుండి వచ్చునదే ఘోరము. వనములు క్షీణించిన కొలది చెట్టెక్కనివాడును కల్లమ్ముచున్నాడు. నీటిలో చక్కెర, క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలము కలిపి కల్లని పేరుపెట్టుట జరుగుచున్నది. 2025 జూలైలో హైదరాబాదునందలి కూకట్‌పల్లిలో నట్టి కల్తీకల్లు ప్రాణములు దీసెను. ఈతవనములకు పేరొందిన పాలమూరు సీమకును ఈ యపకీర్తి తప్పలేదు. శీతకాలపు ఈతకల్లు రుచి నెరిగినవారి కిది యెంత బాధాకరమో చెప్పనక్కరలేదు. హసనాబాదు గీయువాడొక్క పాపన్ననే పట్టియిచ్చెను. కల్తీ చేయువాడు కులము నంతటిని పట్టియిచ్చుచున్నాడు.

ఆశకు కారణములును గలవు. 2023 మే మాసమున హైదరాబాదు నెక్లెస్‌రోడ్డునందు నీరాశాల తెరువబడినది. పులియని రసమును దాచి యమ్ము విధానము దానివలన జనులకు తెలిసినది. 2024 జూలై 14వ తేదీని రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కాటమయ్య రక్షణకవచముల పంపకము నారంభించెను. జారినను మనుష్యుని చెట్టునకే పట్టియుంచు సాధనమది. చెట్టుమీది మనుష్యుని లెక్కించు కాలము వచ్చినదనుటకు దీనిని మేము గుర్తుగా నెంచుచున్నాము.

కావున నీ మహాసభకు మా విన్నపములు మూడు. ఒకటి: ప్రతి గ్రామసంఘమును ప్రతి వర్షాకాలమున తాటి, ఈత గింజలు నాటింపవలెను, తాటిచెట్టు గీతకు వచ్చుటకు పదునైదేండ్లకు పైగా పట్టును గనుక నేడు నాటినది మనుమలకే. రెండు: కల్తీ చేయువాడు మనవాడైనను దాచరాదు. మూడు: పోషకులగు ధనవంతులు విగ్రహమున కిచ్చు చందాలో కొంత భాగమును రక్షణకవచములకును, చెట్టుపైనుండి పడినవారి బిడ్డల చదువునకును నీయవలెను.

తిరుగుదారిలో నదే వనముచెంత నాగితిమి. ప్రొద్దుగ్రుంకుచుండగా నా గౌడుడు రెండవమారు చెట్టెక్కి యుండెను. క్రిందనుండి మేము చేయెత్తితిమి. ఆతడు మోకుమీద వాలి, కత్తిపట్టిన చేయి యెత్తెను. ఆ మోకు పాతదై యుండుటను మేము చూచితిమి. ఇల్లు చేరిన వెంటనే క్రొత్తమోకునకు రూకలు పంపితిమి. కవచమును పంపుట యీ సభవారి వంతు.

శుభం భూయాత్.