బొగ్గు సరే, గొయ్యి ఎవరిది?

బొగ్గు దొరికింది ఇల్లెందు దగ్గరే అయినా, దాని హక్కులు రాసిచ్చిన సర్కారు మాత్రం పాతబస్తీది. ఆరో నిజాం కాలంలో, 1886లో, గనుల హక్కులు 99 ఏళ్లకి వాట్సన్, స్టివర్ట్ అనే ఇద్దరికి దక్కాయి. లండన్‌లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ పుట్టింది. షేర్ల గోల్‌మాల్ మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి మరీ విచారించింది. గొడవంతా ఎవరి వాటా ఎంత అనే! 1889లో తవ్వకం మొదలైంది. ఆ కంపెనీ ఆస్తులే 1920లో సింగరేణి కాలరీస్‌కి వచ్చాయి.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డెవలప్‌మెంట్‌కి బడ్జెట్ ఉంది, మెయింటెనెన్స్‌కి లేదు. ఆ బగ్గు ఫిక్స్ చెయ్యడం మొదలుపెట్టడానికే వందేళ్లు పట్టింది. 1994లో పెద్ద గనులకి పర్యావరణ అనుమతి తప్పనిసరి చేశారు. దుమ్ము, నీళ్లు, మట్టి దిబ్బల మీద మొక్కలు... ఈ షరతులు ఏమేరకు పాటించారో ఆర్నెల్లకోసారి రిపోర్టు ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెప్పింది. గని మూసేటప్పటి ఖర్చుకి ముందునుంచే ఎస్క్రో ఖాతాలో డబ్బు వెయ్యాలని 2009లో రూలొచ్చింది.

ఆ ఆర్నెల్ల రిపోర్టు పబ్లిక్ డాక్యుమెంటండీ. కానీ మనలో ఎంతమందిమి చదివాం? చదివేవాళ్లు లేని రిపోర్టు టెస్ట్ చెయ్యని కోడ్ లాంటిదే. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే ఓనర్లం మనమే. గొయ్యి ఎవరిదని ఎవరైనా అడిగితే ఇప్పుడు లండన్ వైపు వేలు చూపించలేం కదా!