కలప పనివాని కుటీరము

పూర్వగృహముల గౌరవమును గూర్చి వ్రాయువారు సామాన్యముగ కోటలను, దేవాలయములను, దివాణములను వర్ణింతురు. కొయ్యపని కులవృత్తిగా గల మన సంఘమువారి యీ సంచికయందు వానిని విడిచి, మ్రాను గోసిన పనివాని యింటిని గూర్చి వ్రాయ సంకల్పించితిమి.

వరాహమిహిరుని బృహత్సంహితలో వనసంప్రవేశ మను నధ్యాయము గలదు. ప్రతిమ చేయించుటకై యడవికి బోవువా డే వృక్షము నెన్నుకొనవలెనో, దాని నెట్లు పూజింపవలెనో, దానియందు వసించు భూతములను వేరొకచోటికి బొమ్మని యెట్లు వేడుకొనవలెనో యందు సవిస్తరముగ నున్నది. గొడ్డలి పట్టినవా డా రాత్రి యెచ్చట బండుకొనెనో లేదు. శాస్త్రకారుని దప్పు పట్టుట మా యుద్దేశము గాదు. అది యాతని విషయము గాదు. చరిత్ర వ్రాయువానికి మాత్ర మది విషయమే.

ఇందులకు మంచి నిదర్శనము పశ్చిమాస్ట్రేలియాలోని పెంబర్టన్ గ్రామము. పెర్తు నగరమునకు దక్షిణముగ 300 కిలోమీటర్లకు పైబడిన దూరమున, కర్రీ యను మహావృక్షముల నడుమ నది యున్నది. కర్రీ యూకలిప్టస్ జాతి చెట్టు. 80 మీటర్లకు మించి పెరిగినవియు గలవు. ఆ దేశపు కలప మనకు బొత్తిగ గ్రొత్తది గాదు. కర్రీకి సోదరవృక్ష మనదగిన జారా కొయ్యతో జేసిన స్లీపరులు 19వ శతాబ్దముననే యోడలపై హిందూదేశపు రైలుమార్గములకు వచ్చెను.

ఆస్ట్రేలియా తూర్పు పడమరలను గలుపుటకై పోర్టు ఆగస్టా మొదలు కాల్గూర్లీ వరకు సుమారు 1,690 కిలోమీటర్ల రైలుమార్గము 1912లో నారంభింపబడి 1917లో ముగిసెను. దానికి గావలసిన స్లీపరులకొరకు రాష్ట్రప్రభుత్వమే కోతమిల్లులు పెట్టి, 1913లో పెంబర్టన్‌యందు పనివారికి నిండ్లు గట్టించుట మొదలిడెను. కర్రీకొయ్య బలమైనదే కాని, నేలలో నుంచినచో చెదపురుగుల పాలగును. అందుచే స్లీపరులను చక్కెరపాకమున బాషాణము గలిపి యందులో నుడికించెడివారు. తీపియు విషమును గలిపిన యీ యుపాయము మన వడ్రంగులకు వింతగ దోపవచ్చును.

ఇక నా యిండ్లు. మిల్లు కోసిన కొయ్యతోనే మిల్లువారి యిల్లు. నేలకు దగులకుండ గొయ్యదిమ్మెలపై నెత్తి నిలిపిన గది గూడు, గోడలకు నొకదాని యంచు నొకటి కప్పునట్లు అడ్డముగ గొట్టిన పలకలు, పైన ముడుతల యినుపరేకు, ముందు చిన్న వసారా, చలికి బొగగూడు. ఒక్క నమూనాతో వరుసగ గట్టినవి. శిల్పసౌందర్య మేమియు లేదని యొప్పుకొనక తప్పదు. ఇల్లు మిల్లుది, కాపురము పనివానిది. పని పోయిన యింటిపై హక్కును బోయెడిది. కావున గృహస్థుడు గోడను మార్చుటకు వెనుదీసెను. అయినను బిడ్డలు పుట్టినకొలది వెనుక వంటసాల జేర్చుట, వసారాను మూసి పడకగది జేయుట జరుగుచునే యుండెను.

1979లో ఆస్ట్రేలియాలోని బుర్రా పట్టణమున నేర్పడిన ధర్మపత్రము పూర్వస్థలముల విలువను సౌందర్యము, చరిత్ర, శాస్త్రవిజ్ఞానము, సంఘజీవనము అను దృష్టులతో విచారింపవలె నని చెప్పెను. బుర్రా రాగిగనుల పనివారి యూరగుట గమనింపదగినది. మొదటి దృష్టితో మన కుటీరమునకు స్వల్పముగనే దక్కును. తక్కిన మూటితో బెక్కు రాజగృహములకంటె నది మిన్న యని మా యభిప్రాయము. రాజగృహ మొంటిగ నిలిచినను రాజగృహమే. కుటీర మట్లు గాదు. ఇరుగుపొరుగు లేని యొక్క కుటీరమును గాపాడిన, పాత చావడి నొకదానిని గాపాడినట్లే. వరుసయంతయు నున్నప్పుడే మిల్లు కూతకు లేచిన యూరు కన్నులకు గట్టును. పెంబర్టన్‌లో నొక యింటిని గాక మిల్లు పనివారి కుటీరముల ప్రాంతమునే రాష్ట్ర పూర్వస్థలముల పట్టికలో జేర్చుట యందుచేతనే యుచితము.

జీర్ణోద్ధరణము పేర వెనుకటి వంటసాలను బడగొట్టి, 1913నాటి రూపు దెచ్చితి మని సంతోషించువారితో మే మేకీభవింపము. ఆ వంటసాలయే యిల్లాలి చరిత్ర. మొదటి పటము కచేరీలో దొరకును. ఆమె చేర్చిన పలక మరెక్కడను దొరకదు. మరియు నా యడవి మిల్లునకు బూర్వము నూంగార్ జనుల భూమి. కొమ్మలతోను బెరడుతోను వా రల్లుకొనిన నివాసములు నిలువలేదు. పలకయిండ్ల చరిత్ర చెప్పువా రా మాటను గూడ జెప్పవలెను.

మన గోదావరిమీదను టేకుమ్రాకులు తెప్పలుగ గట్టబడి రాజమహేంద్రవరమునకు దిగుచుండెడివి. వానితో లేచిన మండువాలను జూపి మురియుదుము. ఆ మ్రాకులను గొట్టినవారి గుడిసె కొలత, దూలపు కట్టు, పొయ్యి దిక్కు ఎవరు వ్రాసియుంచిరి? మన సభ్యులలో వృద్ధులైన కోతగాండ్రును వడ్రంగులును గలరు. వారు పుట్టిన యింటి పటమును వారి నోటనే చెప్పించి, గ్రామము పేరుతో వ్రాసి మా కంపినచో, రాబోవు సంచికకు మేము సిద్ధము చేసెదము.