కరువు పనియు, కూలి లెక్కయు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు గ్రామ చరిత్రమును గూర్చి యేదైన వ్రాయుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. దేవాలయ శాసనములను గూర్చియు, పాళెగాండ్రను గూర్చియు వ్రాయగల పెద్దలు మన తాలూకాలలో కలరు. నేను లెక్కలు వ్రాయు వంశమున పుట్టినవాడను. మా తండ్రిగారి కవిలె 1984లో కరణీకము రద్దగుటతో మూతపడినది. నేను ఊరి సహకార సంఘపు దస్త్రములను నమ్ముకొని బ్రతుకుచున్నాను. కావున నాకు తెలిసిన త్రోవనే పట్టి, నంద్యాల ఆళ్లగడ్డల నడుమ మన్ను మోసినవారికి కూలి యే రీతిగా లెక్కగట్టబడినదో విన్నవించెదను. సాయంకాలము ఈ పఠనమందిరమునకు వచ్చు చదువరులలో అనేకులు ఆ మన్ను మోసినవారి మునిమనుమలే గదా.

కరువున పని కల్పించుట మన దేశమునకు క్రొత్త గాదు. క్షామము వచ్చినపుడు రాజు ప్రజలకు విత్తనములును, అన్నమును ఇచ్చి ఆదుకొనవలెననియు, లేదా అన్నము పెట్టి కోటల పనియో సేతువుల పనియో చేయించవలెననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించియున్నాడు. శుక్రనీతి యింకను ముందునకు పోయి, నలువదియేండ్లు కొలువు చేసినవానికి సగము జీతము జీవితాంతము ఈయవలెననుచున్నది. ఆ గ్రంథము ప్రాచీనమా, అర్వాచీనమా యని పండితులు తగవులాడుచున్నారు. ఎవరెప్పుడు వ్రాసినను ఆ మాట వ్రాయవలెనని తోచిన చేతికి నమస్కారము.

గ్రంథములను విడిచి కాలువ గట్టునకు వత్తము. మన మాగాణులకు నీరిచ్చుచున్న కర్నూలు-కడప కాలువ, అనగా జనులు కే.సీ. కెనాల్ అనెడునది, సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి సుమారు 190 మైళ్లు నడచుచున్నది. సర్ ఆర్థర్ కాటన్ దొర ప్రోత్సాహముతో, లండనులో వాటాలమ్మి ధనము కూర్చిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు 1860ల దశకమున దీనిని త్రవ్వించిరి. ఆ వాటాదారులకు ప్రభుత్వము పది లక్షల పౌనులపై నూటికి 5 చొప్పున వడ్డీ హామీ యిచ్చినది. కాలువలో నీరు పారినను పారకున్నను, రైతు తీరువ చెల్లించినను చెల్లింపకున్నను, ఆ వడ్డీకి లోపము లేదు. నల్లరేగడి రైతులు మొదట ఆ నీటికి చేయిచాపలేదు, కంపెనీ నిలువలేకపోయినది, తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. గంప నెత్తిన బెట్టుకొని మన్ను మోసినవానికి మాత్రము ఆ పూట కూలితో లెక్క సరి. కాలు విరిగినచో వాడు ఇంటికి పోవలెను. సముద్రమున కావలనున్న సొమ్మునకు రక్షణ, ఈవలనున్న ఒంటికి అరక్షణ. ఇది మన ఊరి పొలిమేరలోనే జరిగిన సంగతి.

సముద్రమునకు మనము దూరమున నున్నామని యనుకొందుము గాని, ఆనాటికే లోకపు బజారు మన చేలలోనికి వచ్చియుండెను. నంద్యాల ప్రాంతపు ప్రత్తి పరదేశపు వర్తకమున ‘నార్దర్న్స్’ అను పేర చలామణి యయ్యెడిది. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగి అక్కడి ప్రత్తి ఆగిపోగా, ఇక్కడ ధర ఆకాశమునంటెను. యుద్ధము ముగిసినంతనే పడిపోయెను. ఎచ్చటనో తుపాకులు మ్రోగుటయు మానుటయు ఇచ్చటి పాలేరు గంజిని నిర్ణయించెను.

ఆ వెనువెంటనే 1866 కరువు. ఆ కరువులో ఉయ్యాలవాడ వాస్తవ్యులు బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెరచి వేలమందికి అన్నము పెట్టిరి. విక్టోరియా రాణి వారికి పతకము నంపినది. మన పల్లెలలో వారి మీద కట్టిన పాటలు నేటికిని వినబడుచున్నవి. ఆ మహానుభావుని తలచినపుడెల్ల నా తల వంగును. అయినను లెక్కలవాడను గనుక ఒక సందేహము నన్ను విడువదు. వెంగళరెడ్డిగారు లేని ఊరివారి గతి యేమి?

పదియేండ్లు తిరుగకమునుపే ఆ ప్రశ్నకు జవాబు దొరకినది. 1876లో వానలు తప్పినవి. ధాతనామ సంవత్సరము గావున పెద్దలు దానిని ధాత కరువనిరి. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కలలో తొమ్మిది లక్షలకు పైబడిన జనము 1881 లెక్కలలో ఏడు లక్షలకు లోపుగా తేలినది. చచ్చినవారెందరో, దేశాంతరము పోయినవారెందరో విడదీసి చెప్పుట కష్టము. ఆ 1877 జనవరి మొదటి తేదీననే లిట్టన్ ప్రభువు ఢిల్లీలో మహావైభవముగా దర్బారు తీర్చెను. దేశమునుండి విదేశములకు ధాన్యము ఎగుమతి ఆగలేదు. ధర యెక్కడ హెచ్చుగా నున్నదో అక్కడికి ధాన్యము తానే పోవునని ప్రభుత్వమువారి సిద్ధాంతము. అది నిజమే, అందుచేతనే కొనలేనివారి యూళ్లనుండి కొనగలవారి రేవులకు పోయినది.

అప్పుడు కరువు పనులు తెరచిరి. ఖర్చు మితిమీరుచున్నదని తలచి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారిని మద్రాసు రాజధానికి పంపెను. పగలంతయు పనిచేసిన మగవానికి దినమునకొక పౌను ధాన్యమును, కొద్దిపాటి రొక్కమును చాలునని ఆయన నిర్ణయించెను. పౌననగా నేటి తూకమున సుమారు 450 గ్రాములు. ఇది మన చరిత్రమున ‘టెంపుల్ కూలి’ యని పేరొందినది. అంతేగాక, నిజముగా గతిలేనివాడే వచ్చునని, ఇంటికి దూరముననే పని యీయవలెనను పరీక్ష యొకటి పెట్టిరి. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరగు డాక్టరు కార్నిష్ ఈ కూలితో మనుష్యుడు పనిచేయుట మాటటుండగా బ్రతుకుటయే కష్టమని, చిక్కిన దేహములను చూపి వాదించెను. ఆయనయు దొరయే, టెంపులును దొరయే. ఒకడు ఖజానా పుస్తకమును చూచెను, మరియొకడు ప్రక్కటెముకలను చూచెను. కొలది నెలలకే కూలి పెంచక తప్పలేదు. అప్పటికే ఆలస్యమైనది.

ఆ ఘోరము పిమ్మట క్షామ విచారణ సంఘము కూర్చుండి 1880లో నివేదిక యిచ్చెను. దానినిబట్టి రాష్ట్రములకు క్షామ నిబంధనావళులు ఏర్పడినవి. పనిచేయగలవారికి పని, చేయలేనివారికి ఉచిత గ్రాసము, గ్రామోద్యోగులు పేర్లు వ్రాసి పంపుట, ఇట్టి క్రమము ఏర్పడినది. ఆ జాబితాలు వ్రాసినవారిలో మావారును ఉన్నారు. ఏ పేరు చేరెనో, ఏ పేరు జారెనో నాకు తెలియదు. కరణము కలము చివర ప్రాణములు వ్రేలాడినవని చెప్పుటకు మాత్రము సందేహింపను.

నిబంధనావళి మంచిదే. అయితే అది ప్రభువు తనకు తాను వ్రాసికొన్న నియమము; కూలివాడు చేతబట్టుకొని అడుగుటకు అందు చోటు లేదు. ఆ చోటు కలుగుటకు చాలకాలము పట్టినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ యేర్పడగా భారతదేశము మొదటి సభ్యులలో ఒకటిగా చేరెను. శ్రమ అంగడి సరకు గాదని ఆ సంస్థ 1944లో ఫిలడెల్ఫియాలో చాటెను. 1948లో మనకు కనీస వేతన చట్టము వచ్చెను. 1950లో రాజ్యాంగము 23వ అధికరణముచే వెట్టిని నిషేధించి, 41వ అధికరణముచే పనిహక్కును రాజ్యమునకు ఆదేశముగా జెప్పెను. అయినను 1952లో మన రాయలసీమలో గంజి కేంద్రములు తెరువవలసి వచ్చినదని మరువరాదు.

ఇక్కడ 1983 నాటి తీర్పొకటి చెప్పవలెను. రాజస్థానములో కరువు పనులకు కనీస వేతనము వర్తింపదని ఆ రాష్ట్రము 1964లో చట్టము చేసియుండెను. సంజిత్ రాయ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని త్రోసివేసి, కరువులోనైనను కనీస వేతనమునకు తక్కువగా ఇచ్చి పని చేయించుట 23వ అధికరణము నిషేధించిన నిర్బంధ శ్రమయే యని నిర్ణయించెను. ఆకలి తరిమితే వచ్చినవాడు తన యిష్టముతో వచ్చెనని యెంచరాదని దాని తాత్పర్యము. టెంపుల్ దొర లెక్కకు నూరేండ్లు దాటిన పిమ్మట వచ్చిన జవాబిది.

2005లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము వచ్చెను. ఇంటికి ఏడాదికి 100 దినముల పని అడిగి తీసికొను హక్కు, పనిచోట నీడ, త్రాగునీరు అందు వ్రాసిరి. 2006 ఫిబ్రవరి 2న మన పొరుగుననే అనంతపురము జిల్లా బండ్లపల్లెలో అది ఆరంభమైనది. మరుసటి యేడు కర్నూలు జిల్లాకు వచ్చెను. చెరువు కట్టలమీద మరల గంపలు కనబడినవి.

ఆ దినములలో మేటీలకు మస్టరు వ్రాయుటలో నేను కొంత తోడ్పడితిని. ఒక వారము ఒక ముసలమ్మ పేరు ప్రక్క ఆరు దినములకు బదులు రెండు వేసితిని. ఏమరుపాటు, వేరొకరిని నిందింప పని లేదు. దిద్దుబాటునకు నెలలు గడచినవి. ఆమె మా అరుగుమీద కూర్చుండి, కోపములేకయే అడిగినది: “నేను మోసిన మన్ను కట్టమీదనే ఉండాది. నా దుడ్లు యాడికి పాయ నాయనా?” మా వంశమంతయు వ్రాసిన కవిలెలు ఒక్కపెట్టున నామీద పడినట్లయ్యెను.

ఆ పిమ్మట మస్టరు నకలును ప్రతి ఆదివారము మన గ్రంథాలయపు వసారాలో బిగ్గరగా చదువుట యలవాటు చేసితిమి. పేరు విన్నవారు “సరే” యనవలెను. తప్పున్నచో అక్కడికక్కడే చెప్పవలెను. మొదటి ఆదివారమే మూడు తప్పులు దొరకినవి. అందు రెండు నావే.

ఒకనాటి సాయంకాలము చదువుట ముగిసినంతలో, ఆళ్లగడ్డలో శిల్పపు పనికి పోవు కుర్రవాడొకడు లేచినాడు. ఆళ్లగడ్డ శిల్పుల విగ్రహములు ఓడలెక్కి దేశాంతరములకు పోవుచున్నవని మనకెల్లరకు గర్వము. వాని కనుబొమలమీద రాతిదుమ్ము ఇంకను తెల్లగానే యున్నది. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని కలుగు సిలికోసిస్ అను రోగమునకు యజమాని పరిహారమీయవలెనని చట్టము కలదు. ఎవరివద్ద, ఎన్నాళ్లు పనిచేసెనో వ్రాతమూలకముగా లేనివాడు దానిని పొందుట కష్టము. “మా పేర్లు ఏ మస్టర్లో రాసినారు సార్?” అని వాడడిగెను. 2021లో మొదలైన ఇ-శ్రమ్ నమోదు చేయించి ఒక చీటి చేతికిచ్చితిని. వాడు దానిని అటునిటు త్రిప్పి చూచి, “దీంట్లో పని చేసిన దినాలు లేవే!” యని మడిచి జేబులో పెట్టుకొనెను.