రోగి రాలేదా? వచ్చి వెళ్ళాడా?

దక్షుని కూతుళ్ళు ఇరవై యేడుగురిని పెండ్లాడి, రోహిణి ఒక్కతెపైనే మక్కువ చూపినందుకు మామగారి శాపం తగిలి చంద్రుడు క్షయరోగి అయ్యాడని పురాణగాథ. రాజును పట్టిన రోగం గనుక రాజయక్ష్మం అయింది. ఈ వ్యుత్పత్తిని తరగతిలో ఎన్నిమార్లు చెప్పానో లెక్కలేదు. ఆ రోగాన్ని గూర్చి మన నేలమీదనే జరిగిన పరిశోధనల చరిత్రను మాత్రం ఉద్యోగ విరమణ తరువాతనే చదివాను.

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాడు. మందు రావడానికి మరి ఆరు దశాబ్దాలు పట్టింది. 1944లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. అంతవరకు మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే చికిత్స. ఆ చికిత్స కోసమే మదనపల్లె చెంత క్రైస్తవ మిషన్లు కలిసి 1915 నాటికి ఒక శానటోరియం నిలిపాయి. ఆ చోటి పేరు ఆరోగ్యవరం. (ఎంత చక్కని సమాసం!) అయితే మంచాలు వందలు, రోగులు లక్షలు. అక్కడి డెన్మార్కు వైద్యుడు జొహన్నెస్ ఫ్రిమోట్-మోలర్ 1950-55 మధ్య ఆసుపత్రి గడప దాటి చుట్టుప్రక్కల జనంలో రోగం ఎంత ఉన్నదో పరిశీలించాడు. 1955-58లో దేశమంతటా జరిగిన నమూనా సర్వేకు ఎన్నుకొన్న ఆరు మండలాలలో హైదరాబాదు, మదనపల్లె రెండూ ఉన్నాయి. కఫంలో క్రిములున్నవారు వెయ్యికి 2 నుంచి 8 మంది వరకు ఉన్నారని తేలింది. క్షయ పట్టణాల రోగమన్న నమ్మకం కూడా దానితోనే పోయింది. పల్లెలలోనూ ఇంచుమించు అంతే ఉన్నది.

ఇందరికి మంచాలెక్కడివి? 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ ప్రశ్ననే చేపట్టింది. 193 మంది పేద రోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని శానటోరియంలో ఉంచారు, రెండవ వర్గానికి ఇంటివద్దనే మందులిచ్చారు. మందులు ఇరువురికీ ఒకటే, గడువు ఒక సంవత్సరం. ఇంటివద్ద ఉన్నవారివి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. పనికి పోక తప్పనివారే చాలామంది. అయినా 1959లో వెలువడిన ఫలితాలలో రెండు వర్గాలకూ పెద్ద తేడా కనబడలేదు. ఇంటిలోనివారికి అదనంగా రోగం సోకిన జాడ కూడా లేదని తరువాతి పరిశీలనలు చెప్పాయి. శానటోరియాల యుగం ముగియడానికి ఈ అధ్యయనం ఒక ముఖ్య కారణం.

నా మనసులో నాటుకొన్నది మాత్రం దీని తరువాతిది. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. పల్లెటూరివాడు అజ్ఞాని, రోగమున్నదని కూడా ఎరుగడు, మనమే ఎక్స్‌రే బండి వేసుకొని పోయి పట్టుకోవాలి అన్నది ఆనాటి పెద్దల అభిప్రాయం. ఆ సంస్థలోని దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెలకు పోయి, ఎక్స్‌రేలో బయటపడిన రోగులనే కూర్చోబెట్టి అడిగారు: దగ్గున్నదని నీకు తెలుసా? దిగులు పడ్డావా? ఏం చేశావు? 1963లో ప్రచురితమైన ఆ సమాధానాలు తలక్రిందులుగా ఉన్నాయి. కఫంలో క్రిములున్నవారిలో దాదాపు అందరికీ తమ లక్షణాలు తెలుసు. సగానికి మించి అప్పటికే ఆసుపత్రి గడప తొక్కినవారే. అక్కడ కఫం పరీక్షించక, దగ్గుమందు సీసా ఇచ్చి పంపివేశారు!

ఇది చదివి నేను సిగ్గుపడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పల్లెలో మా బడిపిల్లవాని తండ్రి ఎముకలగూడై నెత్తురు కక్కుతుంటే "ముందే ఆసుపత్రికి పోరాదటయ్యా" అని మందలించాను. "మూడు తూర్లు పోయినా అయ్యోరా, మూడు సీసాలిచ్చిరి" అన్నాడతను. నేను నమ్మలేదు. సాకు చెబుతున్నాడనుకొన్నాను. ఆ ఏడు వానలు రాకముందే పోయాడు. తుమకూరు పల్లెల నివేదిక అప్పటికే అచ్చయి ఉన్నదని నాకెట్లా తెలుస్తుంది? తెలియకపోయినా నమ్మి ఉండవచ్చును గదా.

దగ్గుతో వచ్చినవానిని వచ్చినచోటనే పరీక్షించడం, మామూలు ఆసుపత్రులలోనే మందులివ్వడం అన్న పద్ధతిని బెంగుళూరువారు రూపొందించారు. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థకు అధిపతి అయిన హాఫ్డన్ మాలర్ కూడా ఆ బృందంలోనివాడే. 1961లో ఈ జిల్లా పథకానికి తొలి నమూనా మన అనంతపురమే. 1962లో అది జాతీయ కార్యక్రమమయింది. కాగితంమీద మేలైన పథకం. మందుల కొరత, మధ్యలో మానివేసిన రోగులు దానిని కుంగదీశాయి. 1992లో సమీక్షించి, 1997 నుంచి కొత్తరూపంలో విస్తరించారు.

మద్రాసు ఫలితం చూసి తిండితో పని లేదనుకొన్నవారూ ఉన్నారు. మందు మ్రింగేవానికి నయం కావడం వేరు, రోగం రాకుండటం వేరు. ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాలలో రోగుల ఇండ్లకు నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. ఆ ఇండ్లలోని తక్కినవారికి కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది.