హోమ్ థియేటర్ పీసీ

హోమ్ థియేటర్ పీసీ అనగా చలనచిత్రాలు, పాటలు, ఛాయాచిత్రాలు, టెలివిజన్ కార్యక్రమాలను ఇంటిలోని టెలివిజన్ తెరపై చూపించడానికి ప్రత్యేకంగా సమకూర్చుకున్న వ్యక్తిగత కంప్యూటరు. దీనిని సంక్షిప్తంగా హెచ్‌టీపీసీ అంటారు. దృశ్య, శ్రవ్య ఫైళ్ళను ఒకచోట భద్రపరచి, ఇంటి నెట్‌వర్కు ద్వారా ఇతర పరికరాలకు అందించే కంప్యూటరును మీడియా సర్వరు అంటారు. ఈ రెండు పనులను ఒకే యంత్రం చేయవచ్చును, లేదా వేర్వేరు యంత్రాలు చేయవచ్చును.

చందా కట్టి చూసే ప్రసార సేవలకు భిన్నంగా, ఈ ఏర్పాటులో ఫైళ్ళు ఇంటివారి అధీనంలోనే ఉంటాయి. కనుక వాటిని కాపాడే బాధ్యత కూడా ఇంటివారిదే అవుతుంది. పాడైపోయిన సినిమా డిస్కుకు బదులు మరొకటి కొనవచ్చును గాని, పెళ్ళి వీడియో, పెద్దల గొంతు, పిల్లల చిన్ననాటి దృశ్యాలు పోతే తిరిగి లభించవు. అందుచేత మీడియా సర్వరు నిర్మాణంలో ప్రాసెసరు ఎంపిక కంటే నిల్వ, నకళ్ళ ఏర్పాటు ముఖ్యమైనవి.

చరిత్ర

1999లో అమెరికాలో టీవో, రీప్లే టీవీ అనే పరికరాలు విపణిలోకి వచ్చాయి. ఇవి టెలివిజన్ కార్యక్రమాలను టేపుకు బదులు హార్డు డిస్కుపై రికార్డు చేసేవి. మామూలు కంప్యూటరుతో ఇదే పనిని మరింత స్వేచ్ఛగా చేసుకోవాలన్న కోరిక హెచ్‌టీపీసీ వ్యాప్తికి తోడ్పడింది. 2002లో ఐజాక్ రిచర్డ్స్ లినక్సు కోసం మిత్‌టీవీ అనే స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రారంభించాడు. అదే సంవత్సరం మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్‌ను విడుదల చేసింది. దూరం నుండి రిమోటుతో నడపడానికి వీలుగా పెద్ద అక్షరాలు, పెద్ద బొమ్మలతో కూడిన తెర దీని ప్రత్యేకత.

ఎక్స్‌బాక్స్ అనే వీడియో ఆటల యంత్రంపై నడవడం కోసం ఔత్సాహికులు తయారు చేసిన ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ మొదటి పూర్తి రూపం 2004లో వెలువడింది. తరువాత ఇది లినక్సు, విండోస్, మ్యాక్ వ్యవస్థలకు విస్తరించి, 2014లో కోడి అని పేరు మార్చుకున్నది. దీని మూలం నుండి 2008లో ప్లెక్స్ అనే సాఫ్టువేరు విడిగా పుట్టి, క్రమంగా సర్వరు సాఫ్టువేరుగా ప్రసిద్ధి పొందినది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు అతి తక్కువ ఖర్చుతో హెచ్‌టీపీసీని సమకూర్చుకునే అవకాశం కల్పించింది. 2015లో విడుదలైన విండోస్ 10 నుండి మైక్రోసాఫ్టు తన మీడియా సెంటరును తొలగించినది. ఎంబీ అనే సర్వరు సాఫ్టువేరు మూలసంకేతాన్ని బహిరంగంగా ఇవ్వడం మానివేయగా, 2018 డిసెంబరులో దాని పాత మూలం నుండి జెల్లీఫిన్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఏర్పడినది.

యంత్ర భాగాలు

ప్రాసెసరు, గ్రాఫిక్స్

వీడియో ఫైలు కుదించిన రూపంలో ఉంటుంది. దానిని విప్పి చిత్రాలుగా మార్చే పనికి ప్రాసెసరులో గాని, గ్రాఫిక్స్ కార్డులో గాని ప్రత్యేక వలయం ఉంటే తక్కువ శక్తి గల కంప్యూటరు కూడా సరిపోతుంది. లేకపోతే ప్రాసెసరు మొత్తం భారాన్ని మోయవలసి వస్తుంది. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. హెచ్.264 ప్రమాణం 2003లోను, హెచ్‌ఈవీసీ 2013లోను, ఏవీ1 2018లోను వెలువడ్డాయి. కొత్త ప్రమాణంలో అదే నాణ్యత గల వీడియో తక్కువ స్థలంలో ఇముడుతుంది గాని, పాత వలయాలు దానిని విప్పలేవు. కనుక ప్రాసెసరును ఎంచుకునేటప్పుడు దాని వేగంతో పాటు, అది ఏయే ప్రమాణాలను నేరుగా విప్పగలదో చూడవలెను.

తెర, ధ్వని

టెలివిజన్‌కు కలపడానికి హెచ్‌డీఎంఐ తీగ వాడుతారు. బొమ్మ, ధ్వని రెండూ దీని ద్వారానే వెళ్తాయి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 నుండి 4కే చిత్రాన్ని సెకనుకు 60 సార్లు పంపడం సాధ్యమైనది.

సినిమాలు సాధారణంగా సెకనుకు 24 చిత్రాల చొప్పున ఉంటాయి. భారతదేశంలో దూరదర్శన్ అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు ఉంటాయి. టెలివిజన్ సెకనుకు 60 సార్లు తెరను మారుస్తుంటే 24 చిత్రాలు దానిలో సమంగా పంపిణీ కావు. ఒక చిత్రం రెండు సార్లు, తరువాతిది మూడు సార్లు కనిపిస్తుంది. అందువలన కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాలలో కుదుపు తెలుస్తుంది. ఫైలును బట్టి తెర వేగాన్ని 24కు గాని 50కు గాని మార్చే సౌకర్యం కోడి వంటి సాఫ్టువేరులో ఉన్నది. కంప్యూటరులో లోపమనుకునే ఈ కుదుపు చాలా సందర్భాలలో ఈ అమరికతోనే పోతుంది.

శబ్దం, వేడి, విద్యుత్తు

ముందు గదిలో ఉండే యంత్రం చప్పుడు చేయకూడదు. చిన్న ఫ్యాను వేగంగా తిరిగే కంటే పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగితే అంతే గాలి తక్కువ చప్పుడుతో వస్తుంది. చూపించే యంత్రాన్ని ఫ్యాను లేకుండా చిన్నదిగా ఉంచి, హార్డు డిస్కులు గల సర్వరును వేరే గదిలో పెట్టడం మరొక పద్ధతి. అయితే గాలి ఆడని అలమరాలో గాని, ఎండ తగిలే గోడ పక్కన గాని సర్వరును ఉంచరాదు. వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే ప్రాంతాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

సర్వరు రాత్రింబవళ్ళు నడుస్తుంది గనుక అది వాడే విద్యుత్తును లెక్కించుకోవలెను. సగటున 50 వాట్లు వాడే యంత్రం రోజుకు 1.2 యూనిట్లు, 30 రోజులకు 36 యూనిట్లు ఖర్చు చేస్తుంది. 10 వాట్ల యంత్రానికి అదే కాలంలో 7.2 యూనిట్లు చాలు. విద్యుత్తు హఠాత్తుగా పోయినప్పుడు డిస్కుపై రాస్తున్న సమాచారం చెడిపోవచ్చును. దీనిని నివారించడానికి యూపీఎస్ అమర్చి, బ్యాటరీ తగ్గగానే సర్వరు తనంతట తాను మూతపడేలా చేస్తారు.

నెట్‌వర్కు

4కే బ్లూరే డిస్కులో సమాచార వేగం సెకనుకు 128 మెగాబిట్ల వరకు ఉండవచ్చును. అందువలన సెకనుకు 100 మెగాబిట్ల పాత తీగ వ్యవస్థ అటువంటి ఫైళ్ళకు చాలదు. గిగాబిట్ ఈథర్నెట్ అవసరమవుతుంది. సాధారణ హెచ్‌డీ ఫైళ్ళకు 100 మెగాబిట్లు సరిపోతాయి. వైఫై వేగం గోడలను బట్టి, పొరుగిళ్ళ వైఫైలను బట్టి మారుతుంది గనుక కనీసం సర్వరునైనా తీగతో కలపడం మంచిది.

నిల్వ

ఫైలు పరిమాణాన్ని దాని సమాచార వేగం నుండి లెక్కించవచ్చును. సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో ఉన్న వీడియో గంటకు 3.6 గిగాబైట్ల స్థలం తీసుకుంటుంది. ఆ లెక్కన రెండున్నర గంటల చిత్రానికి 9 గిగాబైట్లు కావలెను. 4 టెరాబైట్ల డిస్కులో అటువంటివి 440 వరకు పడతాయి.

పలు డిస్కులను కలిపి, ఒకటి పాడైనా సమాచారం నిలిచి ఉండేలా చేసే పద్ధతిని రెయిడ్ అంటారు. ఉదాహరణకు రెయిడ్ 5 పద్ధతిలో ఒక డిస్కు పోయినా మిగిలిన వాటి నుండి సమాచారాన్ని తిరిగి రాబట్టవచ్చును. అయితే రెయిడ్ నకలు కాదు. ఎవరైనా పొరపాటున ఫైలును తుడిచివేస్తే అది అన్ని డిస్కుల నుండి ఒకేసారి పోతుంది. పిడుగుపాటు, దొంగతనం, వైరసు వంటివి సంభవిస్తే డిస్కులన్నీ కలిసే పోతాయి. రెయిడ్ వలన సర్వరు ఆగకుండా నడుస్తుంది. పోయిన ఫైలు మాత్రం నకలు ఉంటేనే తిరిగి వస్తుంది.

నకళ్ళ విషయంలో 3-2-1 అనే సూత్రం ప్రచారంలో ఉన్నది. దాని ప్రకారం ప్రతి ముఖ్యమైన ఫైలుకు మొత్తం మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు రకాల సాధనాలపై ఉండవలెను. వాటిలో ఒకటి ఇంటికి వెలుపల ఉండవలెను. ఇంటి వీడియోలు, ఛాయాచిత్రాల వరకే దీనిని పాటిస్తే ఖర్చు తక్కువ. వాటిని ఒక విడి డిస్కుపైకి ఎక్కించి బంధువుల ఇంట ఉంచినా వెలుపలి ప్రతి ఏర్పడినట్లే. నకలు సరిగా ఉన్నదో లేదో అప్పుడప్పుడు తెరచి చూడవలెను.

పాత టేపుల మార్పిడి

1980, 1990 దశకాలలో పెళ్ళిళ్ళు, ఇతర శుభకార్యాలను వీహెచ్‌ఎస్ క్యాసెట్లపై చిత్రీకరించేవారు. అయస్కాంత టేపు కాలక్రమేణా క్షీణిస్తుంది; తేమ ఎక్కువగా ఉన్నచోట దానిపై బూజు పడుతుంది. జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో వీసీఆర్‌ల తయారీని నిలిపివేసినది. కనుక టేపు బాగున్నా, దానిని నడిపే యంత్రం దొరకడం ఏటేటా కష్టమవుతున్నది.

మార్పిడికి వీసీఆర్ నుండి వచ్చే సంకేతాన్ని క్యాప్చరు కార్డు ద్వారా కంప్యూటరులోకి తీసుకుంటారు. ఇది టేపు నడిచినంత సేపు జరిగే పని. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలు పడుతుంది. బూజు పట్టిన టేపును శుభ్రం చేయకుండా నడిపితే టేపుతో పాటు వీసీఆర్ కూడా పాడవుతుంది. మినీ డీవీ టేపులలో సమాచారం అంకెల రూపంలోనే ఉంటుంది గనుక, ఫైర్‌వైర్ తీగతో నాణ్యత తగ్గకుండా నకలు తీయవచ్చును. గంటకు సుమారు 13 గిగాబైట్ల స్థలం కావలెను. మొదట తీసిన ఫైలును యథాతథంగా భద్రపరచి, చూడడానికి వేరుగా చిన్న ఫైలును తయారు చేసుకోవడం మేలు.

సాఫ్టువేరు

కోడి వంటి సాఫ్టువేరు ఫైళ్ళను నేరుగా విప్పి తెరపై చూపిస్తుంది. ప్లెక్స్, ఎంబీ, జెల్లీఫిన్ వంటివి సర్వరుపై నడుస్తూ టెలివిజన్లకు, ఫోన్లకు వీడియోను పంపుతాయి. చూసే పరికరం ఆ ఫైలును విప్పలేనప్పుడు సర్వరు దానిని అప్పటికప్పుడు వేరొక రూపంలోకి మార్చి పంపుతుంది. దీనిని ట్రాన్స్‌కోడింగు అంటారు. మీడియా సర్వరుపై పడే భారాలలో ఇది చాలా పెద్దది. 2011 నుండి ఇంటెల్ ప్రాసెసర్లలో వచ్చిన క్విక్ సింక్ వలయం ఈ పనిని తక్కువ విద్యుత్తుతో చేస్తుంది. చూసే పరికరాలు విప్పగలిగే రూపంలోనే ఫైళ్ళను ఉంచుకుంటే ట్రాన్స్‌కోడింగు అవసరమే రాదు.

తెలుగు చిత్రాలు, తెలుగు లిపి

ఈ సాఫ్టువేర్లు ఫైలు పేరును చదివి, అంతర్జాలంలోని సమాచార నిధుల నుండి నటీనటుల వివరాలు, గోడపత్రికలు తెచ్చుకుంటాయి. ఒకే పేరుతో పలు చిత్రాలు ఉన్నప్పుడు పొరపాటు జరుగుతుంది. దేవదాసు పేరుతో 1953లోను, 2006లోను తెలుగు చిత్రాలు వచ్చాయి. మాయాబజార్ పేరుతో 1957లో వచ్చిన చిత్రం తెలుగు, తమిళ భాషలలో తయారైనది. దాని రంగుల ప్రతి 2010లో విడుదలైనది. 2006లో అదే పేరుతో వేరొక తెలుగు చిత్రం వచ్చినది. అందువలన ఫైలు పేరులో చిత్రం పేరుతో పాటు సంవత్సరం తప్పక రాయవలెను.

తెలుగు ఉపశీర్షికల ఫైలును యూనికోడులో, యూటీఎఫ్-8 రూపంలో భద్రపరచవలెను. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం అర్థం కాని గుర్తులుగా కనిపిస్తుంది. సాఫ్టువేరులో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల స్థానంలో డబ్బాలు వస్తాయి. ఫాంటు ఉన్నా, అక్షరాలను కూర్చే పద్ధతి సాఫ్టువేరుకు తెలియకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి.

భారతదేశంలో టెలివిజన్ రికార్డింగు

అనలాగ్ కేబుల్ ఉన్న రోజులలో టీవీ ట్యూనర్ కార్డు గల ఏ కంప్యూటరైనా కేబుల్ ప్రసారాలను రికార్డు చేయగలిగేది. 2012 నుండి దశలవారీగా కేబుల్ డిజిటల్ రూపంలోకి మారినది. 2013 మార్చి 31 గడువుగా గల రెండవ దశ నగరాలలో హైదరాబాదు, విశాఖపట్నం ఉన్నాయి. డిజిటల్ కేబుల్, చెల్లింపు డీటీహెచ్ ప్రసారాలు సంకేతబద్ధమై ఆయా సంస్థల సెట్ టాప్ బాక్సుల ద్వారా మాత్రమే తెరుచుకుంటాయి. అందుచేత పాత ట్యూనర్ కార్డులు నిరుపయోగమైనాయి. 2004 డిసెంబరులో ప్రసార భారతి ప్రారంభించిన ఉచిత డీటీహెచ్ సేవలో సంకేతబద్ధం కాని ఛానళ్ళను మాత్రం ఉపగ్రహ ట్యూనర్ కార్డుతో అందుకోవచ్చును.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో ఈ విషయాలకు కాపీరైట్ చట్టం, 1957 వర్తిస్తుంది. దాని 52వ సెక్షను వ్యక్తిగత వినియోగం కోసం న్యాయసమ్మతమైన వాడకాన్ని ఉల్లంఘన కాదంటుంది. 2012 సవరణతో చేర్చిన 65ఏ సెక్షను ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కు వంటివాటి సాంకేతిక రక్షణను ఛేదించడం శిక్షార్హం. రెండేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియమ్ కాపీరైట్ చట్టం ఇటువంటి ఛేదనను నిషేధిస్తున్నది. సొంతంగా చిత్రీకరించుకున్న దృశ్యాల విషయంలో ఈ చిక్కులు ఉండవు.

పరిమితులు

2007లో ఆపిల్ టీవీ, 2013లో క్రోమ్‌కాస్ట్ వంటి చిన్న పరికరాలు, ఆపై స్మార్ట్ టెలివిజన్లు రావడంతో, కేవలం చూడడం కోసం హెచ్‌టీపీసీని నిర్మించేవారు తగ్గారు. నెట్‌ఫ్లిక్స్ 2016లో భారతదేశానికి రాగా, తెలుగు కోసం ఆహా 2020లో ప్రారంభమైనది. ఇటువంటి సేవలు కొన్ని తమ ఉన్నత నాణ్యత గల వీడియోను ధ్రువీకరించిన పరికరాలకే పంపుతాయి. మామూలు కంప్యూటరు బ్రౌజరులో అది లభించకపోవచ్చును. సర్వరును నిర్వహించడానికి సాంకేతిక పరిజ్ఞానం, సమయం కూడా అవసరం. దానిని అమర్చిన వ్యక్తి ఒక్కరికే సంకేతపదాలు తెలిసి ఉంటే, ఆ వ్యక్తి లేనప్పుడు ఫైళ్ళు ఇంటిలోనే ఉండి కూడా కుటుంబానికి అందవు. అందువలన సంకేతపదాలను, నకళ్ళు ఉన్న చోటును కాగితంపై రాసి ఇంటిలో మరొకరికి తెలియజేయడం నిర్వహణలో భాగంగా భావించవలెను.

ఇవి కూడా చూడండి

కంప్యూటరు
హార్డు డిస్కు
లినక్సు
యూనికోడ్
తెలుగు సినిమా